మూడు వాటాల ఆర్డీ బండి

హలో… ఆఁ, నానేరా… నానే. మీ అప్పని, బుల్లమ్మని.

ఫోను మీ బావదే. ఎత్తింది నాను. …ఉన్నాడు. ఎదురుగుండా అరుగు మీద కూకుని గోళ్ళు గిల్లుకుంటన్నాడు. నీతోటి మాటాడ్డంట.

ఎందుకా? "లక్ష్ముడి బావ మొకం ఇంక సూడను" అనీసి ఆటో ఎక్కినావు గదరా గిరీ. మొకం సూడనోడితోటి ఫోన్లో మాటాడొచ్చేటి? …

ఆఁ, బాగున్నాం. బాగోకేటి.

రేపు తెల్లారగట్ల సేపల ఏట మొదలు. రెండు నెల్లు గవర్నమెంటోడు సముద్రానికి తాళమేసీసినాడు, రేపు తీస్తన్నాడు. ఊళ్ళో బోట్లన్నీ రంగులేసుకున్నాయి. ఐసు ఎక్కించుకుంటన్నాయి. మన బోటు ఒక్కటే… ఎండకి కుక్క పడుకున్నట్టు పడుకున్నాది ఒడ్డున.

…ఎందుకంటావేటిరా! బోటు మా మరిది అసిరయ్యది. ఇంజను మీ బావది. వల నీది. ఆ వల మోపు కట్టి, దాని మీద బండి సక్రాలు రెండూ ఎట్టి, ఆటి మీద నీ పెళ్ళాం శ్రావణినెట్టి, గజపతినగరంలో నీ తోడల్లుడింటికి పట్టుకుపోనావు. వల లేకుండా సముద్రంలోకెల్లి ఏటి సేస్తారు? సేపల్ని పేరెట్టి పిలుస్తారా?

ఇంతకీ అక్కడేటి పడతన్నావు? …బస్టాండులో పరిసినావా వల? ఏటైనా పడ్డాయా?

నవ్వకు. నవ్వించడానికి అన్లేదు నాను.

…

ఊఁ. శ్రావణి బాగున్నాదా? …సరే. సెప్పు, ఫోనెందుకు సేసినావు?

…ఏటీ? …ఎవులు? …వైజాగు డాక్టరా? …ఏ బండి కొంటాడూ?

మన బండి!

మన బండెక్కడున్నాదిరా? నువ్వే సెప్పు. …నాకు కనిపించట్లేదు మరి. మా వసారాలో బియ్యం డబ్బా పక్కన ఓ ఇంజను కనిపిస్తన్నాది. గోనె కప్పుకుని, అలిగొచ్చిన అల్లుడిలాగ కూకున్నాది. ఛాసీ, ట్యాంకు, సీటు, హేండిలు అసిరయ్య పెరట్లో కోళ్ళకి మంచమైపోనాయి. సక్రాలు నీ కాడున్నాయి. ఇందులో బండేది?

…ఆఁ. …ఆఁ. …పాత బండ్లంటే పిచ్చా ఆ డాక్టరుకి? …క్లబ్బా? …ఆదివారం ఆదివారం అందరూ ఆ బండ్లేసుకుని… ఆఁ… బీచి రోడ్డంట ఎల్లి… ఏటి సేస్తారూ?

ఇడ్లీలు తినీసి వచ్చేస్తారా! ఇడ్లీలకి రెండు సిలిండర్ల బండి కావాలేటిరా?

…లేదు, ఎటకారం కాదు. అడుగుతన్నాను.

…తుప్పు కూడా ఒరిజినలైతే మంచిదేనంటాడా? తుప్పుకీ ఇలువ కడతాడా! ఓలమ్మా. అయితే ఒరే, మన లంగరు సూపించు. అదంతా ఒరిజినలే. మన ఇంటి మీద రేకులు సూపించు. నా మోకాళ్ళు కూడా ఒరిజినలేరా, ఒక్క పార్టు మార్చలేదు. గంపెత్తుకుని తిరిగి తిరిగి ఎలగరిగినాయో అలగే ఉన్నాయి. అవి సూడ్డానికి ఏ డాక్టరూ కారేసుకుని ఇంతదూరం రాడేటి? …

సరే సరే. అరవకు. ఇంటన్నాను.

…ముక్కలుగా ఒద్దంటన్నాడా. బండి మొత్తం కావాలంట. తెలివైనోడే. మీ ముగ్గురికీ లేని తెలివి.

…ఎందుకు ముక్కలైనాదని అడిగితే ఏటి సెప్పాలంటావా? ఉన్నది సెప్పీ. …సిగ్గా? కొన్నప్పుడు లేదు గదా. ఇను, ఎలగ సెప్పాలో నాను నేర్పుతాను.

అయ్యా డాక్టరుగారూ, అను. మాది సముద్రమొడ్డు. ఏట లేని రోజుల్లో ముగ్గురు మగోల్లం పనిలేక సాలూరు ఎల్లినాం. అక్కడొక లారీ ఓనరు షెడ్డులో, అరిగిపోయిన టైర్ల కింద, మా అయ్య కాలం నాటి ఆర్డీ మోటారుసైకిలు పడున్నాది. రెండు సిలిండర్లు, రెండు సైలెన్సర్లు. ఓనరు కిక్కు కొట్టీసరికి షెడ్డు మీద కాకులన్నీ లెగిసిపోనాయి. మా ముగ్గురికీ మతులు లెగిసిపోనాయి. అక్కడికక్కడ కొనీసినాం.

ఎలగ కొన్నారో అదీ సెప్పు. అది సెప్పకపోతే ఆ పెద్దమనిసికి బోధపడదు. మాకు బోటు ఎలగో బండీ అలగే డాక్టరుగారూ, అను. మాలో ఒకడిది బోటు, ఒకడిది ఇంజను, ఒకడిది వల. పడ్డ సేప మూడు వాటాలు. అందుకని బండిక్కూడా మూడు వాటాలేసినాం. ఇంజను మా బావది. ఒళ్ళంతా అసిరయ్యది. సక్రాలు నావి. ఎవుడి వాటా ఆడు సూసుకోవాల.

…ఆఁ, నవ్వుతాడు. నవ్వనీ. నాను రెండు నెల్లు నవ్వినాను.

సూసుకున్నారు బాబూ, ఎవుడి వాటా ఆడు! కొత్తగా కాపరానికొచ్చినప్పుడు మీ బావ నన్నలగ సూసుకోలేదు. ఇంజనుని కొత్త లుంగీతోటి తుడుస్తాడు. సెయ్యెట్టి జొరం సూస్తాడు. రేత్రి లెగిసి దాని మీద దుప్పటి సరిసేస్తాడు. మా అత్త దోమలు కుడతన్నాయిరా అంటే, ముసిలిదానికి అలవాటేనంటాడు.

…ఆఁ, ఇంటన్నాడు. ఇననీ. ఏటి మావా, అబద్ధమా? …తలొంచుకున్నాడు.

అసిరయ్య సంగతి సెప్పక్కర్లేదు. ఉప్పుగాలికి తుప్పట్టీస్తాదని, ఎనకటి సెక్క పడవలకి రాసినట్టు, బండి ఒంటికి సొరసేప నూని రాసీసినాడు. మెరుపు బాగానే వచ్చినాది. ఊళ్ళో పిల్లులన్నీ కూడా వచ్చినాయి. ఆడు ముందు బండి మీద, ఎనకాల పిల్లుల ఊరేగింపు. పైపెచ్చు ట్యాంకుకి నీలం రంగేసి, పసుపు గీత గీసి, "గంగమ్మ తల్లి దీవెన" అని రాయించినాడు. ఒరిజినలు కావాలన్న డాక్టరుకి అది సూపించు. కొంటాడు.

నువ్వేటి తక్కువోడివా! బురదొస్తే బండాపి, సక్రాలకి గోనె సుట్టిన మహానుబావుడివి. …సుట్టలేదా? …సుట్టినావా లేదా? …ఆఁ. అదీ.

ముగ్గురూ ఒకేసారి ఎక్కీవోరు. ఎందుకో? ఒకడి వాటాని ఇంకొకడి సేతిలో ఒదల్లేక. గాలికెగిరిపోయే స్పోర్సు బండంట అది. మీ ముగ్గురూ ఎక్కితే మూటలు మోస్తన్న గాడిదిలాగుండీది.

మమ్మల్ని మాత్రం ఎక్కనిచ్చినారా? "పడవ మీద ఆడది కాలెట్టకూడదు, బండీ అంతే." పడవలో గంగమ్మ ఉన్నాది, కోప్పడతాదన్నారు, సరే ఊరుకున్నాం. ఆర్డీ బండిలో ఎవులున్నారురా? అమ్మోరు సైలెన్సర్లో కూకున్నాదా?

…సరే, తర్వాత సెప్పు. ఇంజనాడించీసి, ఇంక స్వామికి సూపించీసి వద్దారని శ్రీముఖలింగం బయలెల్లినారు. వంశధార గట్టంట ఎల్తా ఎల్తా… ఏటైనాది? నువ్వే సెప్పాల ఇది. …గట్టిగా. …ఇంజను పట్టీసినాది. ఎనక సక్రం బిగుసుకుపోనాది. ముగ్గురూ ఎగిరి దమ్ము సేసిన మడిలో పడ్డారు. ఆ రైతు మీ బురద కడగడానికి నీళ్ళివ్వలేదు గానీ, మడి పాడైపోనాదని మీసేతే సదును సేయించుకున్నాడు. మంచి పని సేసినాడు.

ఎందుకు పట్టీసినాదీ అంటాడు డాక్టరు. …సెప్పు మరి.

ఆయిలు లేదు.

ఆర్డీ బండికి పెట్రోలు ట్యాంకు ఏరు, ఆయిలు డబ్బా ఏరు. ఆ డబ్బాలోంచి కొంచిం కొంచిం అదే పీల్చుకుంటాది. ఆ డబ్బా ఎండిపోయి ఉన్నాది. ఎవులు పొయ్యాల? మీ బావనడిగితే… డబ్బా ఒంటికి తగిలించి ఉన్నాది, ఒళ్ళు అసిరయ్యది, అసిరయ్యే పొయ్యాలన్నాడు. అసిరయ్యనడిగితే… తాగీది ఇంజను, ఇంజను లక్ష్ముడిది, లక్ష్ముడే పొయ్యాలన్నాడు. నిన్నడిగితే… సక్రాలకి ఆయిలెందుకన్నావు.

ముగ్గురు యజమానులున్న బండి… ఆకలికి సచ్చిపోనాది.

పైగా నాను ముందే అడిగినాను. "ఈ డబ్బా ఏటి ఖాళీగా ఉన్నాదీ" అని. ముగ్గురూ ఒకల్ల మొకాలొకల్లు సూసుకుని నవ్వినారు. "నీకెందుకే, ఎల్లి సేపలమ్ముకో" అన్నది ఎవులు? …నువ్వు కాదా? …మీ బావా? …మీ బావ నువ్వంటన్నాడు. ఇదిగో, ఇదీ ఎవుడి వాటా కాదు!

పెద్దలు కూకున్నారు గదా ఐసు ఫేక్టరీ కాడ. తీర్పు ఏటి సెప్పినారు? "ఆయిలు ఎవుడి వాటాలోనూ అనుకోలేదు గావట్టి ఎవుడి తప్పూ లేదు, దేవుడి తప్పు." ముగ్గురూ ఎంత ఇష్టంగా ఒప్పుకున్నారో! దేవుడు పంచాయితీకొచ్చి నాను కాదని సెప్పడు గదా.

అక్కడితో ఊరుకున్నారా? అసిరయ్య బిగుసుకుపోనాది సక్రమే గదా అన్నాడు. నువ్వు నా సక్రాన్నంటావా అన్నావు. ఎవుడి వాటా ఆడు ఊడదీసుకున్నాడు.

ఇదీ డాక్టరుకి సెప్పాల్సింది. సెప్పగలవా?

…

సెప్పలేవు. తెలుసు.

…ఆఁ? ఇంజనూ, ఒళ్ళూ ఆటోలో ఎక్కించీమంటావా? అక్కడే బిగించి డాక్టరుకి ఇచ్చీస్తావా? …

పంపను.

పంపనంటే పంపను. ముందు వల రావాల. పొద్దు గూకీసరికి వల ఒడ్డు మీదుండాల. రేపు బోటు ఎల్లాల. ఏట నుంచి వచ్చినాక ఇంజను, ఒళ్ళు, సక్రాలు ఒక దగ్గరెట్టి డాక్టరుకే ఇచ్చుకోండి, డాక్టరు గుమ్మానికే కట్టుకోండి.

…ముందు ఇంజనొస్తేనే వలా? ఒరే గిరీ, ఇయ్యాల మా ఇంట్లో పొయ్యి మీద గంజి. నిన్నా గంజే. సముద్రం తెరిసిన మొదటి రోజు సేప ఎంత పడతాదో నీకు నాను సెప్పాలా? ఊరంతా పట్టుకొస్తంటే నాను ఖాళీ గంపేసుకుని నిలబడాలా? నీ పెళ్ళాం మీ తోడల్లుడింట్లో ఎన్నాళ్ళు అంట్లు తోముతాది? …

ఆఁ. అలగ రా దారికి.

…ఇంకేటి? …అసిరయ్య తప్పొప్పుకోవాలా? …సరే ఉండు. ఇంటెదురు ఒడ్డునే ఉన్నాడు, బోటుకి రంగేస్తన్నట్టు నటిస్తన్నాడు.

అసిరయ్యా! ఓ మరిదీ! ఇలగ రా. …రంగు ఎండిపోదులే, రా. గిరికి ఫోన్లో సెప్పు, సక్రాన్ననడం తప్పని. …సెప్పు మరి.

…ఇనిపించినాదా? …లేదా? గొణిగినాడు. గొంతు కూడా ఆడి వాటాయే, ఊరికే పారీడు. తప్పేనంట. నాను ఇన్నాను. సాలు.

…ఆఁ. …ఆఁ. వల పట్టుకొస్తావు. ఇప్పుడే బయలెల్తావు. మంచిది.

…అయిపోనాదేటి? అయిపోలేదు. ఎట్టీకు ఫోను. ఇప్పుడు నా మాటున్నాది.

ఒరే, మన బోటింజను ఎప్పుడైనా పట్టీసినాదా? …ఎందుకు పట్టీలేదు? …

మంచి ఇంజనా! ఓర్నీ. అది కూడా ఆర్డీ బండి లాంటిదేరా. ఆయిలు లేకపోతే అదీ సస్తాది. దానికి డబ్బా ఏరుగా లేదు, పెట్రోలులోనే కలపాల. ఎవులు కలుపుతన్నారు?

…మీ బావా? మావా, నువ్వు కలుపుతన్నావా? …లేదంట. …అసిరయ్యా? …తల అడ్డంగా తిప్పుతన్నాడు. నువ్వా? …

సూసినావా. ఇన్నేళ్ళూ సముద్రం మీదికి పోతన్నారు, వస్తన్నారు. ఒక్కడికీ తెలీదు. దానంతటదే కలిసిపోతన్నాదనుకున్నారా? సీకట్నే లెగిసి, మీకు అన్నం మూటలు కట్టి, దీపం కాడ డబ్బాలో కొలిసి కలిపి, ఊపి, నెత్తినెట్టుకుని ఒడ్డుకి తెస్తన్నాను గదరా. డబ్బా ఎవులు తెచ్చినారో సూసినారు. లోపలేటున్నాదో సూల్లేదు.

…తెలుసా? ఎంత పెట్రోలుకి ఎంత ఆయిలు? సెప్పు. …

…

సుమారుగా తెలుసంటావా?

"సుమారుగా" కాదు. సుమారుగా పోస్తే సముద్రం మద్దిలో సుమారుగా ఆగిపోతాది. అక్కడ దమ్ము మడి లేదు మెత్తగా పడ్డానికి. మావా, నువ్వు సెప్పు, నీ ఇంజనే గదా. …ఆకాసంలోకి సూస్తన్నాడు. అక్కడ రాసుండదు మావా.

ఇయ్యాల కలపలేదు. రేపూ కలపను.

…బెదిరింపా? పేరేదైనా ఎట్టుకో. వల తెచ్చినా, ఇంజనున్నా, బోటు మెరిసినా, ఆ డబ్బా నా ఇంట్లోంచి కదల్దు. నాకు వాటా కావాల.

…ఇనిపించినాది గదా. వాటా. మీలాగే. బోటుకొకటి, ఇంజనుకొకటి, వలకొకటి, నాకొకటి. పడ్డ సేపలో.

…ఊళ్ళో ఎప్పుడూ లేదా? ఆర్డీ బండికి వాటాలెయ్యడం ఊళ్ళో ఎప్పుడైనా ఉన్నాదా? అది సేసినారు గదా నవ్వుకుంటా.

…ఆడోల్లకి వాటా ఉండదా? మరి మూడు వాటాలెయ్యకముందే అమ్మోరికని మంచి సేప తీసి పక్కనెడతారే! గంగమ్మ ఆడది కాదేటి? ఆవిడ మీతో ఏటకొస్తాదా, వల లాగుతాదా? ఒడ్డునే కూకుంటాది, ఎదురు సూస్తాది, మీ పేణాలు కాస్తాదంటారు. నానేటి సేస్తన్నాను మరి?

…ఎంత మాటా? నిజమైన మాట.

…మీ బావ ఒప్పుకోడా? మీ బావ సంగతి నాను సూసుకుంటాను. నువ్వు ఒప్పుకుంటావా లేదా? …ఆలోసిస్తావా. ఆలోసించు. సముద్రం రేపు తెల్లారగట్ల దాకా ఆలోసించనిస్తాది.

…ఏటి సప్పుడది? …ఎవులు లాక్కున్నారు ఫోను? …

శ్రావణీ! ఏటే, ఇంటన్నావా ఇంతసేపూ? …స్పీకరెట్టినాడా, ఎర్రోడు. మంచిదైనాది.

బాగున్నావా? …ఏడవకే. ఎందుకు ఏడుపు? …నవ్వుతన్నావా! అలగ సెప్పు.

…నీకా? నీకేటుండాలంటే… ఇను. వల తెగితే ఎవులు అల్లుతన్నారు? …ఒక్కో కన్నూ? …ఆడు ఎప్పుడైనా దారం ముట్టుకున్నాడా? …సూదిలో దారమెక్కించడమే రాదా! సేతులు సూసుకో ఒకసారి. ఎన్ని కోతలున్నాయో. …ఆఁ. మరి వల ఆడిదెలగైనాదే?

అడుగు. అడిగితే తప్పేటి? …తర్వాత కాదు. వల ఒడ్డుకొచ్చినాక అడిగితే నీ మాట అలల సప్పుడులో కలిసిపోతాది. ఆటో ఎక్కకముందే అడుగు.

…ఆటో వచ్చేసినాదా? మోపు ఎత్తుతన్నాడా? …ఏటి? …వల మీద కూకున్నావా!

లెగవకు.

లెగవకే తల్లీ. ఆడు అరిస్తే అరవనీ. తోడల్లుడు సూస్తే సూడనీ. …ఏటంటన్నాడు? …బతిమాల్తన్నాడా? …ఆటోవోడు హారను కొడతన్నాడా? కొట్టనీ. …ఊఁ. …ఊఁ. …నిజంగా? …ఆడి నోటితోటే అన్నాడా? నీకూ, నాకూ? …

మల్లీ అనమను. ఈపాలి ఫోనుకి దగ్గరగా వచ్చి అనమను. నాను ఇనాల. …

ఇన్నాను. ఇన్నానురా గిరీ. మా తమ్ముడివే. లెగవే శ్రావణీ, మోపు ఎత్తనీ. సక్రాలు కిందెట్టి వల పైనెట్టండి, లేకపోతే కన్నులు తెగిపోతాయి. బేగి రండి.

హలో… హలో… కట్టైపోనాది.

…

ఇదిగో మావా, నీ ఫోను. అసిరయ్యా, ఆ కుంచి కిందెట్టు. వల బయలెల్లినాది. ఇప్పుడు వాటాలు మూడు కావు, అయిదు. మీ ఇద్దరి మాటే తరువాయి. …నన్నెందుకు సూస్తారు, నాను సెప్పీసినాను గదా. ఒకల్ల మొకాలొకల్లు సూసుకోకండి. ముందెవులంటారు?